పర్లాకిమిడి భూమి దావా ఓడాక అప్పీలు: మెమోలో ఏం ఉండాలి, కోర్టు ఏం చూస్తుంది

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్న మిగతావాళ్లకూ అది ఉపయోగపడుతుంది. మీ నాన్నగారు 1 ఎకరం 20 డెసిమళ్ల భూమి మీద తన హక్కు ప్రకటించమని, పొరుగు రైతు అడ్డు రాకుండా శాశ్వత ఇంజంక్షన్ ఇవ్వమని పర్లాకిమిడి జూనియర్ డివిజన్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశారు. ఆర్.ఓ.ఆర్. (రికార్డ్ ఆఫ్ రైట్స్, భూమి ఎవరి పేర ఉందో చూపే రెవెన్యూ రికార్డు) పొరుగాయన పేరు మీద ఉందని, మీ సాక్షుల మాటలు ఒకదానితో ఒకటి కలవలేదని చెప్పి కోర్టు దావా కొట్టేసింది. తీర్పు వచ్చాక ఇంట్లో పాత పెట్టెలో తాతగారి పేర ఉన్న తెలుగు క్రయ దస్తావేజు దొరికింది. ఇప్పుడు అప్పీలు వేస్తే సాక్షులను మళ్లీ పిలుస్తారా, ఆ దస్తావేజు పెట్టొచ్చా, పొరుగాయన దున్నడానికి వస్తే స్టే వస్తుందా, శ్రీకాకుళంలో మీకు తెలిసిన వకీలును పెట్టుకోవచ్చా, కటక్‌లోని హైకోర్టుకు వెళ్లాలా అని అడిగారు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల సివిల్ అప్పీళ్లలోనే నా వృత్తి జీవితం చాలావరకు గడిచింది కాబట్టి కాస్త విపులంగానే చెప్తాను.

తీర్పు ఏ తేదీన చెప్పారో మీరు రాయలేదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. జిల్లా జడ్జి కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. 1963 లిమిటేషన్ చట్టం 116వ ఆర్టికల్ చెప్పేది ఇదే. తీర్పు చెప్పిన రోజును లెక్కలోకి తీసుకోరు. సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది తయారైన రోజు వరకు పట్టిన కాలాన్ని కూడా 12వ సెక్షన్ కింద తీసేస్తారు. ఉదాహరణకు తీర్పు మార్చి 3న వచ్చింది, మీరు 10న దరఖాస్తు పెట్టారు, 24న నకలు సిద్ధమైంది అనుకుందాం. మామూలుగా గడువు ఏప్రిల్ 2తో అయిపోవాలి. నకలుకు పట్టిన 15 రోజులు కలిపితే ఏప్రిల్ 17 వరకు సమయం ఉంటుంది. నకలు సిద్ధమయ్యాక మీరు వారం ఆలస్యంగా వెళ్లి తెచ్చుకుంటే మాత్రం ఆ వారం మీదే. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే కోర్టు తెరిచిన రోజున వేయొచ్చు. డిక్రీ (తీర్పు ఫలితాన్ని విడిగా రాసే కోర్టు పత్రం) ఇంకా తయారు కాలేదని గుమాస్తా అన్నా ఆగనక్కర్లేదు, తీర్పు నకలుతోనే అప్పీలు వేయడానికి వీలుంది.

గడువు దాటితే అప్పీలుతోపాటే ఆలస్యం మాఫీ చేయమని 5వ సెక్షన్ కింద దరఖాస్తు, దానికి అఫిడవిట్ పెట్టాలి. ఇలాంటి దరఖాస్తులను ఉదారంగా చూడాలని 1987లో సుప్రీంకోర్టు కటిజీ కేసులో చెప్పింది, వకీళ్లందరూ దాన్నే చూపిస్తారు. కానీ ఆ ఒక్క తీర్పు చేతిలో ఉంటే ఎంత ఆలస్యమైనా చెల్లుతుందని అనుకోవద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎందుకు ఆలస్యమైందో కాగితంతో చూపించాలి. ఆసుపత్రి చీటీ ఉంటే ఆ చీటీ, వలస పనికి పోయి ఉంటే దాని ఆధారం.

ఎక్కడ వేయాలన్నది సులువే. జూనియర్ డివిజన్ డిక్రీ మీద మొదటి అప్పీలు మీ జిల్లా జడ్జి దగ్గరే, అంటే పర్లాకిమిడిలోనే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ ఈ హక్కు ఇస్తుంది. కటక్ సంగతి తర్వాత.

ఇక అసలు విషయం. దావా ఓడిన కుటుంబాలు నా దగ్గరికి వచ్చినప్పుడు చాలాసార్లు ఒకే మాట అంటాయి: "కింది కోర్టులో మా గోడు సరిగ్గా వినలేదు, పైకోర్టులో మళ్లీ మొత్తం చెప్పుకుంటాం." అందులో సగం నిజం ఉంది. మొదటి అప్పీలులో వాస్తవాలు, చట్టం రెండూ తిరిగి విచారణకు తెరుచుకుంటాయని, అది కక్షిదారుకు విలువైన హక్కని 2001లో సంతోష్ హజారీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రెండో సగమే మనవాళ్లకు ఎవరూ చెప్పరు. ఆ విచారణ కాగితాల మీద జరుగుతుంది. ప్లెయింట్ (మీ దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు), ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), సాక్షుల వాంగ్మూలాలు, ఎగ్జిబిట్లు (సాక్ష్యంగా గుర్తించిన కాగితాలు), తీర్పు: ఇవే జిల్లా జడ్జి ముందు ఉంటాయి. మీ నాన్నగారు ఆ భూమిలో ఎన్నేళ్లు చెమటోడ్చారో ఆ కాగితాల్లో లేకపోతే, అప్పీలు కోర్టుకు సంబంధించినంతవరకు అది లేనట్టే. సాక్షులను మామూలుగా మళ్లీ పిలవరు. అప్పీలులో విచారణకు నిలబడేది తీర్పు.

కాబట్టి అప్పీలులో మీరు రాసే ప్రతి అభ్యంతరమూ మూడు ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. జడ్జి ఏమన్నారు, తీర్పులో ఏ పేరాలో? రికార్డులో ఉన్నదేమిటి, ఏ సాక్షి వాంగ్మూలం, ఏ పేజీ? ఆ తేడా వల్ల ఫలితం ఎలా మారుతుంది? మొదటి రెండూ చాలామంది రాస్తారు. మూడోది వదిలేస్తారు. అప్పీళ్లు ఎక్కువగా పోయేది అక్కడే.

ఇది మన ప్రాంతపు కేసుతోనే చూడొచ్చు. 1937 మార్చిలో ఒకాయన పిఠాపురం నుంచి బరంపురం బయల్దేరాడు. తనకు రావాల్సిన డబ్బు ఇస్తామని అక్కడి నుంచి ఉత్తరం వచ్చిందని ఇంట్లో చెప్పి వెళ్లాడు. తర్వాత ఆయన శవం పూరీ స్టేషన్‌లో, రైలు పెట్టెలో ఉన్న ఒక ట్రంకులో దొరికింది. ముద్దాయి పేరు మీద పాకాల నారాయణస్వామి కేసుగా దేశంలో లా చదివిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. అప్పటికి ఒడిశాకు హైకోర్టు లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా మన గంజాం అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకు వెళ్లేవి, ఆ తర్వాత పాట్నాకు వెళ్లాయి. కటక్‌లో హైకోర్టు వచ్చింది 1948 జులై 26న. ముద్దాయికి పడిన శిక్షను పాట్నా హైకోర్టు ఖాయం చేసింది. ముద్దాయి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టుకు, అప్పీలు చేసుకున్నాడు. 1939 జనవరిలో తీర్పు వచ్చింది.

విద్యార్థులు ఆ తీర్పును మరణ వాంగ్మూలం గురించి చదువుతారు. అప్పీలు వేసేవాళ్లు చదవాల్సింది అందులోని ఇంకో భాగం. ముద్దాయి పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంటును కింది కోర్టులు సాక్ష్యంగా తీసుకున్నాయి. అలా తీసుకోవడం చట్టానికి విరుద్ధమని ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది. అంటే ముద్దాయి వకీలు ఒక పెద్ద న్యాయ తప్పును పట్టుకుని నిరూపించాడు. అయినా అప్పీలు పోయింది. ఆ స్టేట్‌మెంటును పక్కన పెట్టినా మిగిలిన సాక్ష్యం శిక్ష నిలబడటానికి సరిపోతుందని వాళ్లు తేల్చారు.

అది క్రిమినల్ కేసు. మీ సివిల్ అప్పీలుకూ అదే సూత్రం వర్తిస్తుంది, కోడ్ 99వ సెక్షన్‌లో రాసి ఉంది: కేసు సారాన్ని గానీ కోర్టు అధికార పరిధిని గానీ తాకని లోపం కోసం డిక్రీని తిరగరాయకూడదు. కాబట్టి జడ్జి మీ సాక్షి పేరు తప్పు రాశారనో, ఒక వాయిదా ఇవ్వలేదనో, తీర్పులో తేదీ పొరపాటుందనో మెమో (అభ్యంతరాలు రాసి వేసే అప్పీలు పత్రం) నింపకండి. అవి ఎక్కువైన కొద్దీ మీ గట్టి అభ్యంతరం వాటి మధ్య కనబడకుండా పోతుంది. ముప్పై గ్రౌండ్లు, అంటే అభ్యంతరాలు, ఉన్న మెమో చేతికి వస్తే, వకీలుకు ఒక్క గ్రౌండు మీద కూడా నమ్మకం లేదేమోనని నాకు అనుమానం వస్తుంది.

ఈ మెమో, అంటే మెమోరాండం ఆఫ్ అప్పీల్, ఎలా ఉండాలో అదే కోడ్‌లోని ఆర్డర్ 41 రూల్ 1 చెప్తుంది. అభ్యంతరాలు క్లుప్తంగా, విడివిడి శీర్షికలుగా, వరుస నంబర్లతో ఉండాలి. వాదన, కథనం ఉండకూడదు. రూల్ 2 ప్రకారం మెమోలో లేని అభ్యంతరాన్ని తర్వాత కోర్టు అనుమతి లేకుండా ఎత్తడానికి వీల్లేదు. ఈ రెండింటి మధ్యే మెమో రాయడంలోని నేర్పంతా ఉంది. ఏదీ వదలకూడదు, ఏదీ సాగదీయకూడదు.

మా దగ్గర ఎక్కువగా కనిపించే గ్రౌండు ఒకటి చెప్తాను: "కింది కోర్టు తీర్పు చట్టానికి, సాక్ష్యాల బరువుకు, కేసు సంభావ్యతలకు విరుద్ధం." ఇది ప్రతి మెమోలో మొదటి వాక్యంగా ఉంటుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. దాని బదులు మీ కేసులో ఇలా రాయొచ్చు: "ప్రతివాదికి హక్కు ఉందని తేల్చడానికి కింది కోర్టు ఆర్.ఓ.ఆర్. ఒక్కదాన్నే ఆధారం చేసుకుంది. రెవెన్యూ నమోదు హక్కును పుట్టించదు. ఆ భూమి తన తండ్రికి ఎలా వచ్చిందో తెలియదని ప్రతివాది క్రాస్‌లో (ఎదుటి వకీలు ప్రశ్నించినప్పుడు) ఒప్పుకున్న మాటను తీర్పు ప్రస్తావించనే లేదు." ప్రతివాది నిజంగా అలా ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు, మీరు వాంగ్మూలం చూసి తెలుసుకోవాలి. నేను చూపిస్తున్నది గ్రౌండు ఎలా కూర్చాలన్నది మాత్రమే. ఆర్.ఓ.ఆర్. సరైనదేనని ముందుగా భావించడానికి చట్టంలో చోటుంది, కానీ సాక్ష్యంతో ఆ భావనను ఖండించొచ్చు. పట్టా, ఖతియాన్ లాంటి రెవెన్యూ కాగితాలు వాటంతట అవే టైటిల్ (యాజమాన్య హక్కు) ఇవ్వవని సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ చెప్పింది.

అయితే ఆ గ్రౌండు చదివిన జిల్లా జడ్జి వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: "సరే, ఆయనకు హక్కు లేదనుకుందాం. మీకుందని చూపించే కాగితమేది?" హక్కు ప్రకటన దావాలో వాది తన సొంత బలం మీద నెగ్గాలి, ఎదుటివాడి బలహీనత సాయం రాదు. ఇదే మీ మూడో ప్రశ్న, ఫలితం ఎలా మారుతుందన్నది. కాబట్టి మీ అప్పీలు మొత్తం ఆ పెట్టెలో దొరికిన దస్తావేజు చుట్టూ తిరుగుతుంది.

అప్పీలులో కొత్త సాక్ష్యం హక్కుగా పెట్టలేరు. ఆర్డర్ 41 రూల్ 27 మూడు దారులే ఇచ్చింది. తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని కింది కోర్టు నిరాకరించి ఉండాలి. లేదా తగిన శ్రద్ధ పెట్టినా అది మీకు తెలియలేదని, దాఖలు చేయలేకపోయారని చూపించాలి. లేదా తీర్పు చెప్పడానికి ఆ సాక్ష్యం కావాలని అప్పీలు కోర్టుకే అనిపించాలి. మీది రెండోది, మూడోది. 2012లో ఇబ్రహీం ఉద్దీన్ కేసులో సుప్రీంకోర్టు ఈ రూల్‌ను వివరంగా చర్చించి, ఇలాంటి దరఖాస్తును అప్పీలు తుది విచారణ సమయంలో, రికార్డంతా చూస్తూ తేల్చాలని చెప్పింది. దరఖాస్తు వేసిన వారంలోనే ఉత్తర్వు రాలేదని టెన్షన్ పడకండి.

ఎదుటి వకీలు ఏమంటాడో ఇప్పుడే ఆలోచించుకోండి. దస్తావేజు రిజిస్టర్ అయినదైతే, "సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎప్పుడైనా నకలు దొరికేది, వెతకలేదంటే శ్రద్ధ లేదన్నమాటే" అంటాడు. బలమైన వాదన అది. దానికి మీ అఫిడవిట్‌లో సూటిగా, నిజంగా జవాబు ఉండాలి. పెట్టె ఎవరి దగ్గర ఉండేది, ఎవరు చనిపోయాక ఎవరి ఇంటికి వచ్చింది, దావా నడుస్తున్నప్పుడు దాన్ని ఎందుకు తెరవలేదు, రిజిస్ట్రేషన్ నంబరు తెలియకుండా ఆఫీసులో వెతకడం ఎందుకు కుదరలేదు. జరిగింది జరిగినట్టు రాయండి. అతికించిన కారణం క్రాస్‌లో ఒక్క నిమిషం నిలబడదు, దాంతో అసలు దస్తావేజు మీదే అనుమానం పడుతుంది.

మరో మెలిక ఉంది. మీ ప్లెయింట్‌లో తాతగారు ఫలానా వారి దగ్గర కొన్నారని రాసి ఉందా? ఉంటే మీ పని సగం సులువు. "తాతల నాటి నుంచి అనుభవంలో ఉంది" అని మాత్రమే రాసి ఉంటే, ప్లీడింగ్‌లో (కోర్టుకు రాసిచ్చిన వాదంలో) లేని విషయానికి సాక్ష్యమేమిటని ఎదుటివాళ్లు అడ్డు చెప్తారు. అప్పుడు ఆర్డర్ 6 రూల్ 17 కింద ప్లెయింట్ సవరణకు కూడా దరఖాస్తు పెట్టాల్సి వస్తుంది. అప్పీలు దశలో సవరణ కష్టమే గానీ అసాధ్యం కాదు.

దస్తావేజు అసలు ప్రతి అయి, ముప్పై ఏళ్లు దాటి, ఉండాల్సిన వాళ్ల దగ్గర నుంచే వస్తే, అందులోని సంతకం, రాత, దాన్ని రాసి ఇవ్వడం నిజమేనని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 90వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షన్. అందులో రాసిన ప్రతి విషయమూ నిజమని అర్థం కాదు. ముఖ్యంగా ఆ భూమే ఈ భూమి అని మీరే చూపించాలి. మన పర్లాకిమిడి వైపు పాత తెలుగు దస్తావేజుల్లో జమీందారీ కాలపు లెక్కలు, నాలుగు ఎల్లలు ఉంటాయి. ఇప్పటి ఖాతా, ప్లాటు నంబర్లు వేరు. దస్తావేజును కోర్టు తీసుకున్నా ఆ రెంటికీ లంకె దొరక్క ఓడిన కేసులు నాకు తెలుసు. అందుకని రూల్ 27 దరఖాస్తుతోపాటే, ఆర్డర్ 26 రూల్ 9 కింద సర్వే తెలిసిన కమిషనర్‌ను నియమించమని అడగడం గురించి మీ వకీలుతో మాట్లాడండి. దస్తావేజుకు ఇంగ్లీషు అనువాదం సరిగ్గా చేయించి జతపరచండి.

కోర్టు దస్తావేజును అనుమతిస్తే, దాన్ని నిరూపించడానికి సాక్ష్యం తానే తీసుకోవచ్చు, లేదా కింది కోర్టును తీసుకుని పంపమనొచ్చు. సాక్షులను మళ్లీ పిలుస్తారా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇదొక్క చోటే అవును. అదీ ఆ దస్తావేజు మేరకే.

సాక్షుల మాటల్లో తేడాల సంగతి. సాక్షి ముఖం చూసి, తడబాటు చూసి జడ్జి నమ్మకపోతే అప్పీలు కోర్టు దాన్ని మార్చడానికి వెనకాడుతుంది, తాను ఆ సాక్షిని చూడలేదు కాబట్టి. కానీ జడ్జి రెండు వాంగ్మూలాలను పక్కపక్కన పెట్టి తేడా ఉందని తేల్చితే, ఆ పని అప్పీలు కోర్టు కూడా చేయగలదు. తీర్పులో మీ సాక్షులను ఎందుకు నమ్మలేదో ఆ వాక్యాలు విడిగా గీసుకోండి. తేడా ఎల్లల గురించా, ఏ ఏడు ఏ పంట వేశారన్న దాని గురించా? రెండోదైతే అది చిన్న తేడా. ముసలి రైతు ఇరవై ఏళ్ల కిందటి పంట మరిచిపోవడం సహజమని వాదించొచ్చు.

మన జిల్లాల్లో దీనికి తోడు ఇంకో సమస్య ఉంది. సాక్షి తెలుగులో చెప్తాడు, రికార్డు ఒడియాలోనో ఇంగ్లీషులోనో అవుతుంది. రాసుకున్న భాష సాక్షికి రాకపోతే, రాసినదాన్ని అతను చెప్పిన భాషలో అతనికి వినిపించాలని ఆర్డర్ 18 రూల్ 6 స్పష్టంగా చెప్తుంది. వాంగ్మూలం కింద వినిపించి ఒప్పించినట్టు రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే, ఆ వాంగ్మూలంలోని ఏ మాట వల్ల మీరు ఓడారో దాన్ని దీనితో కలిపి చూపించండి. ఊరికే వినిపించలేదని రాస్తే పైన చెప్పిన 99వ సెక్షన్ అడ్డొస్తుంది. ఇంకా దావా నడుస్తున్నవాళ్లకు నా విన్నపం ఒకటి: మీ సాక్షి బోను దిగే ముందే రాసింది చదివించుకోండి, తేడా ఉంటే అక్కడే ఆ జడ్జికే చెప్పండి. కోర్టులో రికార్డైనదాన్ని "నేనలా అనలేదు" అని అప్పీలులో కాదనడం దాదాపు కుదరదు.

స్టే గురించి అడిగారు. మీ దావా కొట్టేశారు కాబట్టి ఆపడానికి అక్కడ అమలయ్యే డిక్రీ ఏదీ లేదు. పొరుగాయన భూమి స్వాధీనం చేసుకోమని ఆ తీర్పు చెప్పలేదు. అందువల్ల మీకు కావాల్సింది స్టే కాదు, అప్పీలు తేలేదాకా తాత్కాలిక ఇంజంక్షన్ లేదా యథాతథ స్థితి ఉత్తర్వు. దానికి ఈరోజు భూమి ఎవరి అనుభవంలో ఉందో చూపించే కాగితాలు, దరఖాస్తు వేరుగా కావాలి. వరి కోత, ఎరువుల రసీదులు, ఫోటోలు ఏవుంటే అవి. కింది కోర్టులో దావా నడిచినంత కాలం మీకు మధ్యంతర ఇంజంక్షన్ ఉండి ఉంటే ఆ ఉత్తర్వు నకలు తప్పకుండా జతచేయండి.

తమకు వ్యతిరేకంగా డిక్రీ వచ్చినవాళ్ల సంగతి వేరు. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, ఆర్డర్ 41 రూల్ 5 ఆ మాట తేటగా చెప్పింది. స్టే కావాలంటే, అది ఇవ్వకపోతే గణనీయమైన నష్టం జరుగుతుందని చూపించాలి, ఆలస్యం చేయకుండా రావాలి, కోర్టు అడిగిన పూచీ ఇవ్వాలి. అప్పీలు గడువు ఇంకా ఉండగానే డిక్రీ ఇచ్చిన కోర్టునే కొద్ది రోజులు ఆపమని అడగొచ్చన్న సంగతి చాలామందికి తెలియదు.

మెమో వేశాక విచారణ రోజుకు రాతపూర్వక వాదన, అంటే రిటన్ నోట్స్, తయారు చేయించండి. మెమోలో వాదన ఉండకూడదన్నాను కదా, ఆ వాదనకు చోటు ఇక్కడ. అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో తీర్పు ఎక్కువగా బ్రీఫ్ అనే రాత వాదన మీదే నడుస్తుంది. మొదటి బ్రీఫ్‌కు 13,000 పదాల పరిమితి ఉంది, వాస్తవం చెప్పే ప్రతి చోటా రికార్డు పేజీ చూపించాలని నియమం ఉంది. మన దగ్గర అంత కట్టుబాటు లేదు, వకీలు నోటి మాట మీదే ఎక్కువ నడుస్తుంది. అయినా ఆ రికార్డు పేజీ నియమం నాకు చాలా ఇష్టం, నా జూనియర్ల చేత పట్టుబట్టి చేయిస్తాను. వాదన విన్న రోజుకూ తీర్పు చెప్పే రోజుకూ మధ్యలో జడ్జి ఎన్నో కేసులు వింటారు. అప్పుడు ఆయన చేతిలో మిగిలేది మీ నోట్సే. ఏడెనిమిది పేజీలు చాలు. మొదటి పేజీలో తేదీల పట్టిక, తర్వాత తేల్చాల్సిన రెండు మూడు అంశాలు, ఒక్కో అంశం కింద తీర్పు పేరా, వాంగ్మూలం పేజీ, దాని మీద చట్టం. మీకు వ్యతిరేకంగా ఉన్న వాంగ్మూలాన్ని దాచకండి. మీరే చూపించి జవాబు చెప్తే, మిగతా నోట్సును జడ్జి నమ్మకంతో చదువుతారు.

తీర్పులో అప్పీలు కోర్టు తేల్చాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, కారణాలు రాయాలని ఆర్డర్ 41 రూల్ 31 చెప్తుంది. కొన్నిసార్లు కేసును కింది కోర్టుకు తిప్పి పంపుతారు, దాన్ని రిమాండ్ అంటారు. మనవాళ్లు రిమాండ్ వస్తే గెలిచామని మిఠాయిలు పంచుతారు. నా మటుకు, రికార్డులో సాక్ష్యం సరిపోయేంత ఉన్నప్పుడు అప్పీలు కోర్టే తేల్చేయమని అడగడం మంచిది. రిమాండ్ అంటే మళ్లీ మొదటి మెట్టు.

శ్రీకాకుళం వకీలు గురించి. అడ్వకేట్స్ చట్టం 30వ సెక్షన్ 2011 నుంచి అమల్లో ఉంది, బార్ కౌన్సిల్ రోల్‌లో (జాబితాలో) ఉన్న వకీలు దేశంలో ఏ కోర్టులోనైనా వాదించొచ్చు. కానీ మీ రికార్డులో ఒడియా వాంగ్మూలాలు, ఒడియా ఆర్.ఓ.ఆర్. ఉన్నాయి. వాటిని స్వయంగా చదవగలిగి, పాత తెలుగు దస్తావేజు కూడా చదవగలిగిన వకీళ్లు పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం బార్‌లలో ఉన్నారు. నేనైతే వాళ్లలో ఒకరిని చూసుకోమంటాను. ఫీజు ఇబ్బంది అయితే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి దరఖాస్తు పెట్టండి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. అప్పీళ్లకూ ఇది వర్తిస్తుంది.

మీ నాన్నగారికి పెద్ద వయసని రాశారు కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. అప్పీలు ఏళ్ల తరబడి సాగొచ్చు. ఈలోగా అప్పీలుదారు గానీ ఎదుటి పక్షం గానీ మరణిస్తే 90 రోజుల్లో వారసులను రికార్డులోకి తేవాలి. లేకపోతే అప్పీలు అబేట్ అయిపోతుంది, అంటే దానంతట అదే ముగిసిపోతుంది, ఆ అబేట్‌మెంటును రద్దు చేయించుకోవడానికి మరో 60 రోజులే. పొరుగాయన ఇంట్లో ఎవరైనా పోతే ఊళ్లో మీకే ముందు తెలుస్తుంది, వకీలుకు వెంటనే చెప్పండి. వాయిదాకు ఎవరూ వెళ్లక అప్పీలు డిస్మిస్ అయితే పునరుద్ధరణకు 30 రోజులు. ఈ-కోర్ట్స్ యాప్‌లో సి.ఎన్.ఆర్. నంబరు (కేసుకు ఇచ్చే ప్రత్యేక నంబరు) పెట్టుకుంటే వాయిదాలు ఫోన్లోనే కనిపిస్తాయి. వకీలు గుమాస్తా ఒక్కడి మీదే ఆధారపడొద్దు.

జిల్లా జడ్జి దగ్గర కూడా ఓడితే కటక్‌లో రెండో అప్పీలు, గడువు 90 రోజులు. 1976 సవరణ తర్వాత 100వ సెక్షన్ కింద గణనీయమైన న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు దాన్ని తీసుకుంటుంది. సాక్షిని నమ్మాలా వద్దా అన్నది అక్కడ మామూలుగా చూడరు. సాక్ష్యమే లేకుండా తేల్చారని, హక్కు పత్రం అర్థాన్నే తప్పుగా తీశారని, నిరూపణ భారాన్ని తప్పు పక్షం మీద వేశారని చూపించగలిగితే తలుపు తెరుచుకుంటుంది. అక్కడ అన్నీ ఇంగ్లీషులోనే, ఒడియా, తెలుగు కాగితాలకు అనువాదం కావాలి. 2023 నుంచి జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలు పెట్టారు కాబట్టి ప్రతి వాయిదాకు కటక్ రైలెక్కాల్సిన అవసరం మునుపటంత లేదు.

ఇందుకే జిల్లా కోర్టులో వేసే ఈ మొదటి అప్పీలు మీద డబ్బు, శ్రద్ధ ఎక్కువ పెట్టమంటున్నాను. మీ వాస్తవాలను పూర్తిగా తిరిగి చూసే ఆఖరి కోర్టు అదే. ఈ వారంలోనే నకలు దరఖాస్తు పెట్టి, సాక్షులందరి వాంగ్మూలాల నకళ్లు కూడా తీసుకోండి. దస్తావేజును లామినేషన్ చేయించకండి, మడతల దగ్గర టేపు అంటించకండి, ఉన్నది ఉన్నట్టు ఒక కవరులో పెట్టండి. తీర్పు తేదీ, ప్లెయింట్‌లో తాతగారి కొనుగోలు గురించి ఏముందో ఇక్కడ రాస్తే రూల్ 27 దరఖాస్తులో ఏం ఉండాలో ఇంకాస్త వివరంగా చెప్తాను. పేర్లు, ప్లాటు నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.